తొమ్మిది గువ్వలు, మూడు ట్రేల బిర్యానీ

పోయిన దసరాకి మా కమ్యూనిటీ హాల్లో మనవాళ్ళందరం కలిశాం. ఊరు చాండ్లర్. ఫీనిక్స్ పక్కన, అరిజోనా ఎడారిలో. చిప్పుల ఫ్యాక్టరీలూ, బ్యాంకుల ఆఫీసులూ, ఆ రెంటికీ కోడ్ రాసే తెలుగువాళ్ళూ దండిగా ఉండే చోటు. ఓ నలభై కుటుంబాలు వచ్చాయి. జమ్మి ఆకు దొరకలేదని ఎవరో చెట్టు ఫోటో ప్రింటు తీసి గోడకి అంటించారు. జమ్మికి దాయాది వరసయ్యే మెస్కీట్ చెట్లు బయట పార్కింగ్‌లోనే ఉన్నాయని ఎవరికీ తోచలేదు. సరే, అది వేరే టపా.

తెలంగాణ వాళ్ళకి దసరా అంటే తెలిసిందే కదా, మాంసం లేకపోతే పండగ కాదు. మటన్, చికెన్ సిక్స్‌టీఫైవ్, రెస్టారెంటు నుంచి అల్యూమినియం ట్రేలలో బిర్యానీ. నేను ప్లేటు పట్టుకుని కూర్చున్నానో లేదో, ఎదురు కుర్చీలో ఉన్న ఓ అన్న అడిగాడు.

"నువ్వు పిట్టలని కాలుస్తున్నవంట గద తమ్మీ, నిజమేనా?"

"నిజమే అన్నా."

"ఎట్ల మనసొచ్చిందయ్యా నీకు? నోరు లేని జీవాలు. పాపం గాదా?"

ఈ మాట అంటున్నప్పుడు ఆయన చేతిలో కోడి కాలు ఉంది. నేను కథ కోసం కలపట్లేదు, నిజంగానే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నా వైపు అదోలా చూశారు. ఒకావిడ పిల్లాణ్ణి కాస్త పక్కకి జరుపుకుంది. నేనేమీ అనలేదు. పండగ పూట ఎందుకులే అనుకున్నా.

రాత్రి పదకొండుకి హాలు ఖాళీ చెయ్యాలి. మూడు ట్రేల బిర్యానీ మిగిలింది. రెండు సగం, ఒకటి ముట్టనే లేదు. ఇంటికి తీసుకెళ్ళమంటే అందరూ "అయ్యో వద్దండీ, ఫ్రిజ్‌లో చోటు లేదు" అన్నారు. నల్ల చెత్త సంచిలో దిమ్మరించారు. ఆ సంచి మూతి తెరిచి పట్టుకున్నది నేనే. ఇందాక నోరులేని జీవాల గురించి బాధపడిన అన్నే ట్రే వంచాడు.

అక్కడ చెప్పని జవాబు ఇక్కడ చెప్తున్నా. ఫిబ్రవరితో సీజన్ అయిపోయింది, తుపాకీ అసలాయనకి తిరిగిచ్చేశా. ఇప్పుడు చల్లగా మాట్లాడొచ్చు.

ముందు నా తప్పుతో మొదలుపెడతా. లేకపోతే నీతులు చెప్తున్నాడంటారు.

మా టీములో ఒక పెద్దాయన ఉన్నాడు, టెస్ట్ లీడు. పుట్టి పెరిగింది ఇక్కడే, అరిజోనాలో. నాలుగేళ్ళ పాటు ప్రతి సోమవారం ఆయన చెప్పే ఎడారి కబుర్లు విని విని, నేనూ వస్తానన్నా. ఆయన వెంటనే సరేననలేదు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యమన్నాడు, లైసెన్సు తీసుకోమన్నాడు, మట్టి పళ్ళాలు గాల్లోకి విసిరి రెండు నెలలు కాల్పించాడు. అన్నట్టు, వీసా మీద ఉన్నవాళ్ళకి ఒక మాట. మామూలుగా హెచ్‌వన్ మీద ఉన్నవాడు తుపాకీ పట్టుకుంటే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు చేతిలో ఉంటే అందుకు మినహాయింపు ఉంది. ఈ సందు చూసుకుని, జన్మలో వేటకి వెళ్ళే ఉద్దేశం లేకుండా తుపాకీ కోసమే లైసెన్సు కొనే మనవాళ్ళూ ఉన్నారు. నేను సమర్థించేది వాళ్ళని కాదు.

సెప్టెంబర్ 1. ఇక్కడ గువ్వల సీజన్ మొదటి రోజు. ఫీనిక్స్‌కి పడమటి వైపు, బకై దాటాక పొలాలున్నాయి. తెల్లారకముందే వెళ్ళి కాలవ గట్టు మీద కూర్చున్నాం. నేను కాకీ ప్యాంటు, నెత్తిన టోపీ, భుజాన తుపాకీతో బయల్దేరుతుంటే మా ఆవిడ "అచ్చం పిట్టల దొరలా ఉన్నావు" అంది. ఆ మాట ఎంత నిజమో మధ్యాహ్నానికి తెలిసొచ్చింది.

గువ్వలు తెల్లారగానే గూటి చెట్ల నుంచి చేలకి, అక్కడి నుంచి నీళ్ళకి వెళ్తాయి. వేగం, మలుపులు, అబ్బో. రెండు డబ్బాల తూటాలు ఖర్చుపెట్టి తొమ్మిది కొట్టా. నాకేమో ఒళ్ళు తెలీని సంబరం. పిట్టల్ని చొక్కా వెనక సంచిలో వేసుకుని, పక్క గట్టు మీద వాళ్ళతో కబుర్లు, ఫోటోలు, ఇంటికి వీడియో కాలు. పదింటికి కారు మీటరు నూట మూడు ఫారెన్‌హీట్ చూపిస్తోంది. ఐస్ పెట్టె కారులోనే ఉంది, నిండా ఐస్ ఉంది. అందులో కూల్‌డ్రింకులు ఉన్నాయి.

సంచి తెరిచేసరికి వాసన.

పెద్దాయన తిట్టలేదు. ఎన్ని అని అడిగాడు. తొమ్మిది అన్నా. వాటిని చూసి, "రేపు నువ్వు తుపాకీ తేవద్దు. మా పిట్టలు మొయ్యి" అన్నాడు. అంతే. మర్నాడు నేను వట్టి చేతులతో ఐదు గంటలు నిలబడి, పడ్డ పిట్టని పడ్డట్టే ఏరి, ఈకలు పీకి, కడుపు తీసి, ఐస్‌లో పెట్టా. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, ఇంజినీరింగ్ డిగ్రీ పెట్టుకుని, గోడకుర్చీ వేసినట్టు అనిపించింది. తగిన శాస్తే.

అరిజోనాలో తినదగిన వేటమాంసాన్ని తెలిసి తెలిసి పాడుచెయ్యడం చట్టప్రకారం నేరం. నేను కావాలని చెయ్యలేదు. కానీ ఆ తేడా తొమ్మిది గువ్వలకేం తెలుసు?

ఆ రాత్రి మా అమ్మకి ఫోన్ చేసి చెప్పా. నల్గొండ జిల్లా పల్లెటూరు మాది. అల్లుడొస్తే కోడిని తన చేత్తో కోసే మనిషి. వేటకి పోయానంటే ఏమంటుందో అనుకున్నా. ఆమె అడిగింది ఒకటే మాట: "తిన్నరా బిడ్డా, పారేసిండ్రా?" పారేశాం అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు దసరా రాత్రికి రండి. తొమ్మిది గువ్వలు పాడుచేస్తే నేను దోషిని, ఒప్పుకుంటున్నా. మూడు ట్రేల బిర్యానీలో ఎన్ని కోళ్ళున్నాయో లెక్కపెట్టారా? వాటిని పారేసినందుకు ఎవరైనా ఒక్కపూట బాధపడ్డారా? "రేపు నువ్వు ఖాళీ చేతులతో రా" అని ఎవరైనా ఎవరికైనా శిక్ష వేశారా? వేటగాడికి వృథా నేరం. పాట్‌లక్‌కి వృథా మర్యాద. తక్కువైతే నలుగురిలో పరువు పోతుందని ముందే ఎక్కువ ఆర్డరిస్తాం.

"మనసెట్ల వచ్చింది" అన్న ప్రశ్నకి నా మొదటి జవాబు ఇదే. కోడి తినే ప్రతివాడికీ అదే మనసు వచ్చింది. కాకపోతే ఆ మనసుని ఔట్‌సోర్స్ చేశాడు. బ్రాయిలర్ కోడి బతుకు గట్టిగా ఆరు వారాలు. షెడ్డులో పుట్టి, షెడ్డులో లావై, లారీ ఎక్కిన రోజే బహుశా మొదటిసారి సూర్యుణ్ణి చూస్తుంది. దానికి తప్పించుకునే అవకాశం సున్నా. నేను అక్టోబర్‌లో వెంటపడ్డ గాంబెల్స్ క్వెయిల్ ఉంది చూశారూ, మేం కంజు పిట్ట అంటాం, కోస్తా వాళ్ళు కౌజు అంటారు, దాని దూరపు చుట్టం. అది ఎగరదు, ముందు పరిగెడుతుంది. చోయా ముళ్ళ పొదల సందుల్లోంచి, రాళ్ళ వాగుల్లోంచి గుంపుగా పరుగు. మీరు వెనకే పరిగెత్తితే చోయా గుత్తి పిక్కలో దిగుతుంది, దువ్వెనతో లాక్కోవాలి. రోజంతా పన్నెండు మైళ్ళు నడిచి రెండు పిట్టలతో తిరిగొచ్చిన రోజులున్నాయి. ఏమీ లేకుండా వచ్చిన రోజులు అంతకంటే ఎక్కువ. ఆ పిట్ట ఎడారిలో పుట్టి, గద్దల్నీ నక్కల్నీ కయోటీల్నీ తప్పించుకుని, తన బతుకు తను బతికింది. ఆ రెంటిలో ఏదో ఒకటిగా పుట్టమని నన్నడిగితే, నేను ఎడారి పిట్టగానే పుడతా. తుపాకీ ఉన్నా సరే.

ఇక్కడ మీలో కొందరు ఆపుతారు. "బాబూ, నేను అసలు మాంసమే తినను. నాకేం చెప్తావ్?" అని. నిజాయితీగా చెప్తున్నా, మీకు నా దగ్గర జవాబు లేదు. మొక్కలకీ ప్రాణం ఉంది లాంటి చచ్చు వాదన నేను చెయ్యను. మీరు నన్ను అడగొచ్చు, నేను తలొంచుకుని వింటా. నవంబర్‌లో ఒకరోజు నేను కొట్టిన పిట్ట పాలో వెర్దే చెట్టు కింద పడింది, చావలేదు. రెక్క విరిగి, నన్నే చూస్తోంది. అలా వదలకూడదు, మెడ తిప్పెయ్యాలి. చేతిలో దాని గుండె కొట్టుకుంటుంటే తిప్పా. ఆ రోజు మళ్ళీ కాల్చలేదు. అది తప్పు కాదని మిమ్మల్ని ఒప్పించే శక్తి నాకు లేదు, నన్ను నేనే పూర్తిగా ఒప్పించుకోలేదు. నా గొడవంతా కోడి కాలు చేత్తో పట్టుకుని పాపం గురించి మాట్లాడేవాళ్ళతోనే.

రెండో వాదన కాస్త చదువుకున్నవాళ్ళది. "వేట వల్లే కదా మనదేశంలో చీతా పోయింది?" అవును, ముమ్మాటికీ నిజం. రాజావార్ల వేటకి లెక్కాపత్రం ఉండేది కాదు. 1947 ప్రాంతంలో కొరియా సంస్థానం మహారాజు మూడు చీతాల్ని కాల్చాడు, అవే ఆఖరివంటారు. 1952లో చీతా అంతరించిందని ప్రకటించారు. మళ్ళీ 2022లో నమీబియా నుంచి విమానంలో తెచ్చుకోవాల్సి వచ్చింది.

అమెరికా ఏమైనా తక్కువ తిందా? ఇక్కడ పాసెంజర్ పిజియన్ అనే పావురం ఉండేది. గుంపు ఎగిరితే ఆకాశం కమ్ముకుపోయేదట, వందల కోట్లలో ఉండేవి. వాటిని బజారు కోసం కొట్టారు. రైలు పీపాలు మోసేది. గూళ్ళు ఎక్కడ కట్టాయో టెలిగ్రాఫ్ మోసేది. అంటే మన వృత్తికి తాత లాంటి టెక్నాలజీ అన్నమాట. అడవులూ నరికేశారు. ఆఖరి పావురం పేరు మార్తా, సిన్సినాటీ జూలో చచ్చిపోయింది. తేదీ తెలుసా? 1914 సెప్టెంబర్ 1. ఇవాళ గువ్వల సీజన్ మొదలయ్యేది సరిగ్గా ఆ తారీకునే. ఇద్దరు ముగ్గురు వేటగాళ్ళకి ఈ సంగతి చెప్పా, ఎవరికీ తెలీదు. తెలియాలి.

ఆ దెబ్బతో ఇక్కడ నేర్చుకున్నదేమిటంటే, జాతుల్ని తుడిచిపెట్టింది తుపాకీ ఒక్కటే కాదు, తుపాకీ వెనకున్న బజారు. అందుకని మొదట బజారుని కొట్టారు. 1900లో లేసీ చట్టం, 1918లో వలస పక్షుల ఒప్పంద చట్టం. ఇవాళ నేను కొట్టిన గువ్వని తినొచ్చు, స్నేహితుడికి ఇవ్వొచ్చు, అమ్మకూడదు. ఒక్క డాలరుకి కూడా అమ్మకూడదు. డబ్బు రాదని తెలిస్తే పదివేల పిట్టల్ని ఎవడు కొడతాడు?

తరవాత రేట్ లిమిట్ పెట్టారు. మనవాళ్ళకి ఇలా చెప్తేనే అర్థమవుతుంది :) గువ్వలు మనిషికి రోజుకి పదిహేను, అందులో తెల్లరెక్కల గువ్వలు పదికి మించకూడదు. క్వెయిల్ పదిహేను. అందులో మెర్న్స్ రకం ఎనిమిదికి మించకూడదు. గువ్వలకి తుపాకీలో మూడు తూటాల కన్నా పట్టకుండా బిరడా వెయ్యాలి. సూర్యుడు అస్తమించాక కాల్చకూడదు. ఎడారిలో నీటిగుంటకి పావు మైలు లోపల డేరా వేసి జంతువులకి నీళ్ళు అందకుండా చెయ్యకూడదు. ఈ ఆఖరి రూలు చదివినప్పుడు నాకు ఈ చట్టం రాసినవాడి మీద గౌరవం కలిగింది. నలభై మూడు డిగ్రీల ఎండలో గుక్కెడు నీళ్ళ విలువ తెలిసిన మనిషి రాసి ఉంటాడు.

పెద్ద జంతువులకైతే లాటరీ. హెచ్‌వన్ లాటరీ చూసినవాళ్ళకి కొత్తగా వివరించక్కర్లేదు. దుప్పికి దరఖాస్తు పెట్టుకోవాలి, డ్రాలో పేరు రావాలి, ఏ యూనిట్‌లో ఏ వారం అన్నది ట్యాగ్ మీద రాసుంటుంది. ఎడారి కొండగొర్రె, బిగ్‌హార్న్ అంటారు, దాని ట్యాగ్ జీవితంలో ఒక్కటే. పాయింట్లు కూడబెట్టుకుంటూ ఇరవై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నవాళ్ళున్నారు. మన గ్రీన్‌కార్డ్ క్యూ నయమని నేను మా పెద్దాయనతో అంటే, క్యూ అంటే ఏంటో నీకు మాత్రమే తెలుసనుకోకు అన్నాడు. ఆయనా ఇరవై రెండేళ్ళుగా క్యూలోనే ఉన్నాడు.

నవంబర్‌లో ఆయన దుప్పి ట్యాగ్‌కి నేను సాయం వెళ్ళా. మ్యూల్ డీర్, గాడిద చెవుల్లాంటి చెవులుంటాయని ఆ పేరు. ఐదు రోజులు కొండ మీద కూర్చుని బైనాక్యులర్స్‌తో ఎదుటి కొండని అంగుళం అంగుళం వెతకడమే పని. మూడో రోజు నాలుగు వందల గజాల దూరంలో మంచి మగదుప్పి కనపడింది. ఆయన కాల్చలేదు. ఎందుకని అడిగితే, "తగలొచ్చు. తగిలి పారిపోవచ్చు కూడా" అన్నాడు. మనం శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి కోడ్ తోసేసి దేవుడి మీద భారం వేసేవాళ్ళం. రోల్‌బ్యాక్ లేని పని ఎలా చెయ్యాలో ఆ రోజు చూశా. ఆఖరి సాయంత్రం నూట ఇరవై గజాల్లో ఒక్కటే తూటా. వెంటనే ట్యాగ్ కట్టాం, వేడికి పాడవకుండా అక్కడికక్కడే కోసి సంచుల్లో సర్దాం, రాత్రి రెండు ట్రిప్పులు భుజాల మీద మోశాం. ఆయన ఆ సీజన్‌కి కాల్చిన ఒకే ఒక్క దుప్పి అది. ఎముకలు తప్ప ఏమీ వదల్లేదు. మాకు ఒక తొడ ఇచ్చాడు, మా ఆవిడ గోంగూర వేసి వండింది. నన్ను పిట్టల దొర అన్న మనిషే మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నారని అడిగింది.

ఇక డబ్బు సంగతి. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. పెద్ద తుపాకులు, తూటాల మీద పదకొండు శాతం, పిస్తోళ్ళ మీద పది శాతం పన్ను. ఆ డబ్బు రాష్ట్రాలకి వన్యప్రాణుల కోసం వెళ్తుంది. అరిజోనా గేమ్ అండ్ ఫిష్ శాఖ నడిచేది రాష్ట్ర సాధారణ ఖజానాతో కాదు. లైసెన్సులు, ట్యాగులు, ఈ ఫెడరల్ పన్ను, లాటరీ సొమ్ము, వీటితో. కరువు ఏడాదుల్లో ట్యాంకర్లతో, అవసరమైతే హెలికాప్టర్లతో ఎడారి తొట్లలో నీళ్ళు పోసేది ఆ శాఖే. ఆ నీళ్ళు దుప్పులే కాదు, తేనెటీగలూ గబ్బిలాలూ కూడా తాగుతాయి. ఇక్కడ వేటగాళ్ళు కాలరెగరేసి "అడవిని మేమే పోషిస్తున్నాం" అంటారు. అంత ఎగరక్కర్లేదు. ఆ పన్ను కట్టేవాళ్ళలో ఆత్మరక్షణకి పిస్తోలు కొనేవాళ్ళు, టార్గెట్లు కాల్చుకునేవాళ్ళు బోలెడుమంది, వాళ్ళెప్పుడూ వేటకి వెళ్ళి ఎరగరు. లాటరీ టిక్కెట్టు కొన్నవాడి డబ్బూ ఉంది. కానీ ఒక్కటి మాత్రం అడుగుతా. మనం తిన్న కోళ్ళ మీద ఏ అడవికైనా, ఏ పిట్టకైనా ఒక్క సెంటు వెళ్ళిందా?

అలాగని వేటగాళ్ళందరికీ సన్మానం చెయ్యమనట్లేదు. నాకు వాళ్ళతో ఉన్న గొడవలు కూడా వినండి.

ఒకటి, పోటీలు. ఎవడెక్కువ కయోటీల్ని కొడితే వాడికి ప్రైజు. చర్మం తియ్యరు, తినరు, కుప్పపోసి ఫోటో. అరిజోనా 2019లో ఈ పోటీల్ని నిషేధించింది. అప్పుడు కొందరు వేటగాళ్ళు స్వేచ్ఛ పోయిందని ఏడ్చారు. వాళ్ళు వేటగాళ్ళు కాదు, స్కోరు పిచ్చోళ్ళు.

రెండు, కెమెరాలు. ఎడారిలో నీటిగుంట అంటే చుట్టుపక్కల ప్రతి జంతువూ వచ్చి తీరాల్సిన చోటు. అక్కడ డజన్లకొద్దీ ట్రెయిల్ కెమెరాలు కట్టి, ఫోన్‌కి ఫోటో రాగానే బయల్దేరేవాళ్ళు. 2022 జనవరి నుంచి వేట కోసం వాటిని వాడటం ఇక్కడ నిషేధం. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, ఆ కెమెరా వెనక కోడ్ రాసేది నా బోటివాళ్ళే. అయినా చెప్తున్నా, మంచి పని చేశారు. టెలిగ్రాఫ్ పావురాలకి చేసింది చూశాం కదా. మనం ఆఫీసులో పొద్దున లేస్తే పూజించే ఎఫిషియెన్సీ ఉందే, దాన్ని వేటలోకి పూర్తిగా తెస్తే మిగిలేది బ్రాయిలర్ షెడ్డే.

మూడు, సీసం. తూటా ముక్కలున్న పేగుల్ని రాబందులు తింటాయి. అరిజోనా ఉత్తరాన 1996 నుంచి కాలిఫోర్నియా కాండార్లని వదిలి పెంచుతున్నారు, సీసం విషమే వాటి చావులకి పెద్ద కారణం. నేల మీద పడ్డ సీసం రవ్వల్ని గింజలనుకుని గువ్వలూ మింగుతాయి. బాతుల వేటకి దేశమంతా 1991లోనే సీసం ఆపేశారు, కాలిఫోర్నియా 2019లో అన్ని వేటలకీ ఆపేసింది. అరిజోనా బతిమాలుతోంది, కాండార్ల ఇలాకాలో వేటగాళ్ళకి రాగి తూటాలు ఉచితంగా ఇస్తోంది. చాలామంది మారారు. మారనివాళ్ళని ఇంకా బతిమాలడం దేనికి? నేను సెప్టెంబర్‌లో కాల్చింది సీసమే, తెలియక కాదు, చవక అని. డిసెంబర్‌కి స్టీలుకి మారా. ధర ఎక్కువ. కానివ్వండి.

మరి ఇండియాలో వేట తెరవమంటావా అంటే, అనను. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం వేటని మూసింది, మూయాల్సిన పరిస్థితే. మిగిలిన అడవి ఎంత, మనుషులెంతమంది, లెక్క పెట్టే ఉద్యోగులెంతమంది? అక్కడ పదిహేను అని రాస్తే ఎన్ని అవుతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ చట్టం మూసినంత మాత్రాన మన చేతులు కడిగిన ముత్యాలేం కావు. పందుల కోసం చేలల్లో పెట్టిన కరెంటు తీగలకి పందులు, దుప్పులు, ఒక్కోసారి మనుషులే చస్తున్నారు. దసరా నాడు పాలపిట్టని చూస్తే మంచిదని, దాన్ని పట్టి పంజరంలో పెట్టి, ఇంటింటికీ తిప్పి చూపించి డబ్బులడుగుతారు. రెక్కలు విరిగి, తిండి లేక చచ్చేవి చస్తాయి. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి మళ్ళీ. దాన్ని చూసి దణ్ణం పెట్టినవాడికి పాపం తగలదు, పదిహేను దాటకుండా కొట్టి వండుకున్నవాడికి తగులుతుంది! ఇదెక్కడి లెక్కో నాకర్థం కాదు.

జనవరిలో బాణంతో హావెలీనా ట్యాగ్ నాకొచ్చింది. చూడ్డానికి అడవిపందిలా ఉంటుంది కానీ పంది కాదు, వేరే కుటుంబం. నాగజెముడు ముళ్ళతో సహా నమిలేస్తుంది. చూపు ఆనదు, ముక్కు మాత్రం మహా ఘనం. ఏడు శనాదివారాలు తిరిగా. ఒక్కసారి ఇరవై గజాల దగ్గరకి వెళ్ళగలిగా. ఎదురుగాలి, మంచి చాటు, అన్నీ కుదిరాయి. బాణం లాగి పట్టుకున్నా. అప్పుడు దాని వెనక ఎర్రటి పిల్ల కనపడింది, రోజుల పిల్ల. బాణం దించా. అది నా గొప్పతనం అనుకోకండి, ఆ పిల్ల కనపడకపోయుంటే కొట్టేవాణ్ణే. వాడని ఆ ట్యాగ్ ఇప్పటికీ నా డెస్క్ సొరుగులో ఉంది.

మొత్తం సీజన్ లెక్క చెప్పేస్తా. గువ్వలు ఇరవై ఆరు, అందులో తొమ్మిది పాడుచేశా. క్వెయిల్ పదకొండు. కుందేళ్ళు రెండు. దుప్పిలో ఒక తొడ. హావెలీనా సున్నా. ఈ ఆరు నెలల్లో నేను చంపిన ప్రతి ప్రాణం ఎక్కడ పడిందో, ఎలా చచ్చిందో, ఎవరు తిన్నారో నాకు గుర్తుంది. అదే ఆరు నెలల్లో నేను తిన్న కోళ్ళెన్ని? తెలీదు. నాకు సిగ్గుగా ఉన్నది ఈ రెండో లెక్క దగ్గర.

కాబట్టి అన్నా, మీరు ఇది చదువుతారని తెలుసు. నన్ను మళ్ళీ పాపం గురించి అడగండి, తప్పకుండా అడగండి. కానీ వచ్చే దసరాకి తలలు లెక్కపెట్టి ఆర్డరిద్దాం. తక్కువైతే పప్పన్నం తిందాం, ఎవరి పరువూ పోదు. మిగిలితే పంచుకుని తీసుకెళ్దాం, ఫ్రిజ్‌లో చోటు నేను చూపిస్తా. మూడు ట్రేలు మళ్ళీ నల్ల సంచిలోకి వంచే పనైతే మాత్రం, ఈసారి సంచి మూతి నేను పట్టుకోను.